ప్రభుత్వ కాంట్రాక్టులో పని మారినప్పుడు అదనపు గడువు, అదనపు డబ్బు ఎలా అడగాలి

"డ్రాయింగు మార్చారు, పని పెరిగింది, స్థలం ఆలస్యంగా అప్పగించారు. ఇప్పుడు గడువు పెంచుతారా? రేటు పెంచుతారా?" రోడ్లు, భవనాలు, కాలువల పనులు చేసే చిన్న కాంట్రాక్టర్లు పదేపదే అడిగే ప్రశ్న ఇది. చాలామంది ఈ ప్రశ్నను ఫైనల్ బిల్లు దగ్గర అడుగుతారు. అప్పటికి అడగాల్సిన రోజులు ఎప్పుడో దాటిపోయి ఉంటాయి. మన కాంట్రాక్టర్లు నష్టపోయేది లెక్కలు రాక కాదు, వేళకు ఉత్తరం పెట్టక. అందుకే ఈ వివరణలో ఎక్కువ భాగం ఉత్తరాల గురించి, తేదీల గురించే ఉంటుంది.

ఇక్కడ చెప్పేది సివిల్ పనుల గురించి. కేంద్ర ప్రజా పనుల శాఖ, అంటే సీపీడబ్ల్యూడీ సాధారణ షరతులను, ఆంధ్రప్రదేశ్, తెలంగాణ పనుల్లో కనిపించే ఆంధ్రప్రదేశ్ డిటెయిల్డ్ స్టాండర్డ్ స్పెసిఫికేషన్స్, అంటే ఏపీడీఎస్‌ఎస్ షరతులను ఆధారంగా తీసుకున్నాను. క్లాజు నంబర్లు, గడువులు ఒక్కో కూర్పులో ఒక్కోలా మారతాయి. మీరు సంతకం పెట్టిన అగ్రిమెంటులో ఏముందో అదే మీకు చెల్లుతుంది.

ముందుగా దగ్గర ఉంచుకోవలసినవి

- అగ్రిమెంటు పూర్తి ప్రతి. షెడ్యూళ్లు, ప్రత్యేక షరతులు, టెండరు సమయంలో ఇచ్చిన సవరణలు అన్నీ ఉండాలి. సీపీడబ్ల్యూడీ పనుల్లో షెడ్యూల్ 'ఎఫ్' తప్పనిసరి, డీవియేషన్ పరిమితి (పరిమాణం ఎంత శాతం వరకు పెరిగినా పాత రేటే వర్తిస్తుందో చెప్పే హద్దు) అందులోనే ఉంటుంది.
- టెండరు నాటి డ్రాయింగులు, ఆ తరువాత వచ్చిన ప్రతి సవరణ. ఏది ఏ తేదీన మీ చేతికి వచ్చిందో దాని మీదే రాసి ఉంచండి.
- స్థలం అప్పగించిన పత్రం, పని కార్యక్రమం, సైట్ ఆర్డర్ బుక్ నకళ్లు, హిండ్రెన్స్ రిజిస్టర్ (పనికి వచ్చిన ఆటంకాలు రాసే పుస్తకం) నకలు.
- కూలీల హాజరు, యంత్రాల లాగ్ పుస్తకాలు, కొనుగోలు బిల్లులు, తేదీ కనిపించే ఫొటోలు.
- ఇన్‌వర్డ్ ముద్ర వేయించుకున్న మీ ఉత్తరాల ఫైలు.

చివరిది లేకపోతే పైవాటికి సగం విలువే ఉంటుంది.

1. మార్పు ఏ రకమో ముందు తేల్చుకోండి

అన్నిటినీ కలిపి "నష్టం వచ్చింది, ఇప్పించండి" అని రాస్తే ఆ ఉత్తరం ఏ క్లాజు కిందకూ రాదు. నాలుగు రకాలుగా విడదీయండి. అగ్రిమెంటులో లేని కొత్త ఐటెం ఒకటి. ఉన్న ఐటెం బదులు మరొకటి చేయించడం రెండోది. అదే ఐటెం పరిమాణం పెరగడం లేదా తగ్గడం మూడోది. పని మారకుండా పరిస్థితి మారడం నాలుగోది: స్థలం ఇవ్వలేదు, విద్యుత్ స్తంభాలు తీయలేదు, డ్రాయింగు రాలేదు, మట్టి అనుకున్నచోట బండ తగిలింది.

మొదటి మూడు సీపీడబ్ల్యూడీ షరతుల్లో 12వ క్లాజు కిందకు వస్తాయి. గడువు పొడిగింపు 5వ క్లాజు కింద అడగాలి. రాష్ట్ర పనుల్లో పరిమాణాల మార్పులకు వర్క్‌స్లిప్పు (మారిన పరిమాణాలను మంజూరు చేయించే పత్రం), కొత్త ఐటెంలకు సప్లిమెంటల్ అగ్రిమెంటు (అనుబంధ ఒప్పందం) ఉంటాయి. ధరల పెరుగుదల సర్దుబాటు వీటన్నిటికీ వేరైన దారి, దాన్ని ఇందులో కలపకండి.

బండ విషయంలో ఒక హెచ్చరిక. "టెండరు వేసేముందు స్థలం చూసి తృప్తి చెందాను" అని మీరు సంతకం పెట్టి ఉంటారు. మట్టి తరగతిని బట్టి రేట్లు విడిగా ఉంటే, బండ తగిలిన రోజే తవ్వకం ఆపి, తరగతి నిర్ణయించి కొలతలు రాయమని అడగండి. పూడ్చిన తరువాత బండను ఎవరూ కొలవలేరు.

2. నోటి మాటను అదే రోజు కాగితం మీదకు తెండి

సైట్‌కు వచ్చిన ఏఈ (అసిస్టెంట్ ఇంజినీర్) "ఇక్కడ గోడ రెండడుగులు పెంచండి" అంటారు. మీరు పెంచుతారు. ఆరు నెలలకు ఆయన బదిలీ అవుతారు, కొత్తగా వచ్చినవారికి ఆ గోడ సంగతి తెలియదు. అదనపు పనికి రాతపూర్వక ఆదేశం ఉండాలని దాదాపు ప్రతి అగ్రిమెంటూ చెబుతుంది. ఆ ఆదేశం ఇచ్చే అధికారం సాధారణంగా అగ్రిమెంటుపై సంతకం చేసిన ఎగ్జిక్యూటివ్ ఇంజినీర్, అంటే ఈఈకి లేదా ఇంజినీర్-ఇన్-ఛార్జికి ఉంటుంది కానీ ఏఈకి ఉండదు.

కాబట్టి ఆ సాయంత్రమే ఈఈకి ఉత్తరం రాసి, డిప్యూటీ ఎగ్జిక్యూటివ్ ఇంజినీర్ (డీఈ)కి, ఏఈకి ప్రతులు పంపండి. వీలైతే సైట్ ఆర్డర్ బుక్‌లో రాయించండి. వాట్సాప్ సందేశం ఉంటే మంచిదే, దాన్ని ముద్రించి ఉత్తరానికి జతచేయండి. దాని ఒక్కదాని మీదే ఆధారపడకండి.

ఉత్తరం రాస్తే అధికారులకు కోపం వస్తుందని చాలామంది వెనకాడతారు. నిజానికి మీ ఉత్తరం వారికీ అవసరమే. ఏ ఆధారంతో గడువు పెంచారు, ఏ ఆధారంతో కొత్త రేటు ఇచ్చారు అని ఆడిట్ వాళ్లు అడిగినప్పుడు ఫైలులో చూపడానికి కాగితం కావాలి. ఆ కాగితం మీరు ఇవ్వకపోతే, ఇవ్వాలనే మనసున్న అధికారి కూడా ఇవ్వలేరు.

3. పద్నాలుగు రోజులు దాటనివ్వకండి

అన్నిటికంటే ముఖ్యమైన మెట్టు ఇదే. సీపీడబ్ల్యూడీ 5వ క్లాజు ప్రకారం, ఆలస్యానికి కారణమైన సంఘటన జరిగిన 14 రోజుల్లోపు నిర్ణీత ఫారంలో పొడిగింపు అడగాలి. ఏపీడీఎస్‌ఎస్ 59వ క్లాజు కూడా ఆటంకం మొదలైన 14 రోజుల్లోపు రాతపూర్వకంగా తెలపాలని, లేకపోతే పొడిగింపు ఉండదని చెబుతుంది. కొత్త ఐటెం రేటుకైతే ఆదేశం అందిన 15 రోజుల్లోపు రేటు విశ్లేషణతో అడగాలని సీపీడబ్ల్యూడీ షరతుల్లో ఉంటుంది.

ఆటంకం ఎప్పుడు తీరుతుందో తెలియకపోయినా ఉత్తరం మొదట్లోనే వెళ్లాలి. పూర్తి లెక్క తరువాత పంపవచ్చు. మొదటి ఉత్తరం ఇంత చిన్నగా ఉన్నా సరిపోతుంది:

"ఫలానా తేదీన మీ ఆదేశం మేరకు ఫలానా డ్రాయింగు స్థానంలో సవరించిన డ్రాయింగు అందింది. దీనివల్ల ఫలానా చోట పని ఆగింది. అగ్రిమెంటు ఫలానా క్లాజు ప్రకారం గడువు పొడిగింపు కోరుతున్నాను. ఈ మార్పు వల్ల కలిగే అదనపు ఖర్చును కోరే హక్కును కూడా నిలుపుకుంటున్నాను. రోజుల లెక్క, ఖర్చు వివరాలు ఆటంకం తొలగిన వెంటనే సమర్పిస్తాను."

కార్యాలయం ఉత్తర ప్రత్యుత్తరాలు ఇంగ్లిషులో నడిపితే ఇదే విషయం ఇంగ్లిషులో రాయండి. కానీ ఖర్చు గురించిన వాక్యం ఎట్టి పరిస్థితుల్లోనూ వదలకండి. భారత కాంట్రాక్టు చట్టం, 1872లోని 55వ సెక్షన్ ప్రకారం, అవతలి పక్షం వల్ల జరిగిన ఆలస్యాన్ని మీరు అంగీకరించి పని కొనసాగిస్తే, అంగీకరించే సమయంలోనే పరిహారం కోరతానని తెలపాలి. లేకపోతే తరువాత అడిగే హక్కు ఉండదు. గడువు ఒక్కటే అడిగి ఊరుకున్నవారు డబ్బు విషయంలో చిక్కుకునేది సరిగ్గా ఇక్కడే. చాలా చోట్ల పొడిగింపు దరఖాస్తు ఫారంలోనే "నష్టపరిహారం కోరను" అనే వాక్యం అచ్చై ఉంటుంది. చదవకుండా సంతకం పెట్టకండి. దాన్ని కొట్టివేయడానికి వీల్లేకపోతే, అభ్యంతరంతో సంతకం చేస్తున్నట్టు అదే రోజు విడిగా ఉత్తరం ఇవ్వండి.

ఉత్తరాన్ని స్వయంగా ఇచ్చి రెండో ప్రతిపై ఇన్‌వర్డ్ నంబరు, తేదీ, ముద్ర వేయించుకోండి. తీసుకోవడానికి నిరాకరిస్తే స్పీడ్ పోస్టులో, ఈమెయిల్‌లో రెండు విధాలా పంపండి.

4. హిండ్రెన్స్ రిజిస్టర్‌లో ఎక్కిందో లేదో చూడండి

ప్రతి ఆటంకం ఎప్పుడు మొదలైంది, ఎప్పుడు తొలగింది, ఏ పని ఆగింది అన్నది ఈ రిజిస్టర్‌లో ఉండాలి, రెండు పక్షాల సంతకాలూ ఉండాలి. కనీసం నెలకోసారి అడిగి చూసి ఫొటో తీసుకోండి. మీరు రాసిన ఆటంకం అందులో లేకపోతే, లేదని ఉత్తరం పెట్టండి. అసలు రిజిస్టరే తెరవకపోతే మీ సొంత పట్టికను నెలనెలా ఈఈకి పంపండి. అటువైపు నుంచి జవాబు రాకపోయినా ఆ పట్టికలు వరుసగా ఫైలులో చేరతాయి.

5. రోజులను రెండుసార్లు లెక్కపెట్టకండి

ఎక్కువ దరఖాస్తులు ఈ లెక్క దగ్గరే వెనక్కి వస్తాయి. మార్చి 1 నుంచి ఏప్రిల్ 30 వరకు స్థలం ఇవ్వలేదనుకుందాం, అవి 61 రోజులు. ఏప్రిల్ 10 నుంచి మే 20 వరకు డ్రాయింగు రాలేదు, అవి 41 రోజులు. రెండూ కలిపి 102 రోజులు అడిగితే తప్పు. ఏప్రిల్ 10 నుంచి 30 వరకు 21 రోజులు రెండింటిలోనూ ఉన్నాయి. వాటిని తీసేస్తే నికరంగా 81 రోజులు. మార్చి 1 నుంచి మే 20 వరకు క్యాలెండరులో లెక్కపెట్టి చూసినా 81 రావాలి. మీ లెక్క సరిచూసుకునే పద్ధతి ఇదే.

ఆ ఆటంకం మొత్తం పనినే ఆపిందా, ఒక భాగాన్నేనా అన్నది తరువాతి ప్రశ్న. మూడు కల్వర్టుల్లో ఒకదానికి డ్రాయింగు రాకపోతే మిగతా రెండూ నడుస్తూనే ఉంటాయి. ఆ ఒక్క కల్వర్టు ఆలస్యం వల్ల చివరి తేదీ ఎంత జరిగిందో మీరు ఇచ్చిన పని కార్యక్రమం ఆధారంగా చూపాలి. అదే కాలంలో మీ వైపు నుంచి కూలీలు రాక పని ఆగి ఉంటే దాన్ని దాచకండి. ఆ హాజరు పట్టీ అధికారుల దగ్గరా ఉంటుంది, దాచారని తేలితే మిగతా నిజాలనూ నమ్మరు.

పొడిగింపు కోరే దరఖాస్తు అగ్రిమెంటు గడువు ముగియకముందే చేరాలి. గడువు తీరాక, పొడిగింపు లేకుండా పని చేస్తూ ఉంటే బిల్లులు నిలిచిపోతాయి, ఆలస్యానికి పరిహారం కింద మీ దగ్గరే కోత పెట్టే అవకాశం వస్తుంది. సీపీడబ్ల్యూడీ 2వ క్లాజు కింద ఆ కోత టెండరు విలువలో 10 శాతం వరకు వెళ్లవచ్చు.

6. రేటును అగ్రిమెంటు చెప్పిన వరుసలోనే కట్టండి

పరిమాణం పెరిగినంత మాత్రాన మొత్తానికీ కొత్త రేటు రాదు. ఉదాహరణకు అగ్రిమెంటులో 1,000 ఘనపు మీటర్లు, డీవియేషన్ పరిమితి 30 శాతం, మీరు చేసింది 1,800 అనుకుందాం. 1,300 వరకు పాత రేటే. మిగిలిన 500కే కొత్త రేటు అడగవచ్చు. 1,800కూ కొత్త రేటు వేసి పంపితే దరఖాస్తు మొత్తం పక్కన పెడతారు.

కొత్త ఐటెంకు, అలాంటి ఐటెం అగ్రిమెంటులో ఉంటే దాని నుంచి రేటు రాబట్టాలి. లేకపోతే ప్రభుత్వ రేట్ల పట్టిక అయిన స్టాండర్డ్ షెడ్యూల్ ఆఫ్ రేట్స్‌కు వెళ్లాలి, రాష్ట్ర పనుల్లో సాధారణంగా మీ టెండరు ఎక్కువ లేదా తక్కువ శాతం దానికి వర్తిస్తుంది. అక్కడా లేకపోతేనే మార్కెట్ రేటు. కచ్చితమైన వరుస మీ క్లాజులో ఉంటుంది, అదే పాటించండి. మార్కెట్ రేటుకు బిల్లులు, కొటేషన్లు, కూలీ, యంత్రాల గంటలు, రవాణా దూరం విడివిడిగా చూపండి. "మొత్తం ఇంత" అని ఒక్క అంకె రాస్తే దాన్ని తగ్గించడం వారికి చాలా తేలిక. రేటులో జీఎస్టీ కలిసి ఉందా, విడిగా ఉందా అన్నది స్పష్టంగా రాయండి.

కొత్త రేటు మంజూరయ్యే వరకు పని ఆపవచ్చా? చాలా అగ్రిమెంట్లు ఆపనివ్వవు. పని చేస్తూ, కొలతలు కొలతల పుస్తకం, అంటే ఎం-బుక్‌లో ఎక్కించుకుంటూ, రేటు కోసం ఉత్తరాలు నడపడమే సురక్షితమైన దారి. కప్పబడిపోయే పనులు, అంటే పునాదులు, పైపులు, ఇనుము, కప్పేముందే కొలిపించండి.

7. ఖాళీగా ఉన్న కాలానికి ఖర్చు అడిగేముందు నిషేధం ఉందేమో చూడండి

ఏపీడీఎస్‌ఎస్ 59వ క్లాజు ఆలస్యాలకు, ఆటంకాలకు పరిహారం ఉండదని, తగినంత గడువు మాత్రం ఇస్తామని చెబుతుంది. 1990లో అసోసియేటెడ్ ఇంజినీరింగ్ ఎంటర్‌ప్రైజెస్ కేసులో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఈ క్లాజును బలంగా నిలబెట్టింది. ఇలాంటి క్లాజు మీ అగ్రిమెంటులో ఉంటే ఆలస్యపు పరిహారం మీద ఎక్కువ ఆశ పెట్టుకోకండి. మీ బలమంతా అదనపు ఐటెంల మీద, పరిమాణాల మీద, గడువు మీద పెట్టండి. వాటికి ఆ నిషేధం వర్తించదు.

నిషేధం లేకపోతే వాస్తవ ఖర్చే అడగండి. ఆగి ఉన్న యంత్రానికి నడుస్తున్న అద్దె వేయకూడదు, అందులో డీజిల్ ఖర్చు తీసేయాలి. ఆ యంత్రాన్ని ఆ రోజుల్లో మరోచోటకు పంపి ఉంటే ఆ రోజులు అడగకూడదు. ప్రధాన కార్యాలయ ఖర్చులకు, పోయిన లాభానికి హడ్సన్ సూత్రం (టెండరులో వేసుకున్న ఆ ఖర్చుల, లాభాల శాతాన్ని ఆలస్యమైన కాలానికి లెక్కగట్టే పద్ధతి) వేసి పంపడం అలవాటైంది. సూత్రం ఒక్కటే చాలదని, లాభం నిజంగా పోయిందని ఆధారాలు చూపాలని సుప్రీంకోర్టు 2023లో యూనిబ్రోస్ కేసులో స్పష్టం చేసింది. ఈ కాంట్రాక్టులో ఇరుక్కుని వదులుకున్న టెండర్లు, అప్పటి మీ టర్నోవరు లెక్కలు ఉంటేనే ఆ పద్దు రాయండి.

8. ధరల సర్దుబాటును గడువుతో ముడిపెట్టి చూడండి

అగ్రిమెంటులో ధరల సర్దుబాటు క్లాజు ఉంటేనే ఇది వర్తిస్తుంది. సీపీడబ్ల్యూడీలో అది 10సీసీ. ఉదాహరణకు ఒక త్రైమాసికంలో 40 లక్షల పని చేశారు, దానిలో సర్దుబాటు లెక్కకు తీసుకునే 85 శాతం 34 లక్షలు, మెటీరియల్ వాటా 60 శాతం అంటే 20.4 లక్షలు. మెటీరియల్ ధరల సూచీ 150 నుంచి 156కు పెరిగింది. పెరుగుదల 6 పాయింట్లు, శాతంలో 4. రావలసింది 81,600 రూపాయలు. 6 శాతం వేసి 1,22,400 అడిగినవారి లెక్క తిరిగి వస్తుంది, దానితో మరో రెండు నెలలు పోతాయి.

10సీసీ సర్దుబాటు అసలు గడువులోనూ, 2వ క్లాజు చర్య లేకుండా పొడిగించిన న్యాయమైన గడువులోనూ చేసిన పనికే వస్తుంది. అంటే గడువు పొడిగింపు సరిగ్గా రాకపోతే ఈ డబ్బూ పోతుంది. మొదట గడువు ఉత్తరం పెట్టమని ఇంతగా చెబుతున్నది ఇందుకే.

9. పూర్తి దరఖాస్తు ఇచ్చి వెంటపడండి

ఒక పేజీలో సంగతి, దాని వెనుక సంఘటనల తేదీల పట్టిక, ఆ తరువాత రోజుల లెక్క, డబ్బు లెక్క, చివర నంబర్లు వేసిన పత్రాలు. పట్టికలో ప్రతి వరుసా ఏదో ఒక పత్రం నంబరు చూపాలి. పత్రం లేని వరుసను తీసేయండి. ఈ ఫైలు ఎప్పుడూ సైట్ చూడని సూపరింటెండింగ్ ఇంజినీర్, అంటే ఎస్‌ఈ బల్ల మీదకు వెళుతుంది. ఆయన ఎవరినీ పిలవకుండా చదివి అర్థం చేసుకోగలిగితే దరఖాస్తు సరిగ్గా ఉన్నట్టు.

నెలకోసారి గుర్తుచేస్తూ ఉత్తరం రాయండి. రికార్డుల నకళ్లు ఇవ్వకపోతే సమాచార హక్కు చట్టం, 2005 కింద ఎం-బుక్, హిండ్రెన్స్ రిజిస్టర్, నోట్ ఫైలు నకళ్లు అడగవచ్చు. 30 రోజుల్లో జవాబు రావాలి.

10. వచ్చిన ఆదేశాన్ని అక్షరం అక్షరం చదవండి

"పొడిగింపు ఇచ్చాం" అన్న మాటతో సంతోషపడి ఫైలు మూసేయకండి. "పరిహారం విధించే హక్కుకు భంగం లేకుండా" అని ఉంటే అది తాత్కాలికం, ఫైనల్ బిల్లులో కోత ఇంకా సాధ్యమే. "పరిహారం విధించకుండా" అని ఉందా, ఎన్ని రోజులు ఎవరి ఖాతాలో వేశారు, ధరల సర్దుబాటు వర్తిస్తుందని ఉందా చూడండి. సప్లిమెంటల్ అగ్రిమెంటులో "దీనితో అన్ని డిమాండ్లూ పూర్తిగా తీరాయి" అనే వాక్యం ఉంటే, అందులో రాని పద్దులను పేరుపేరునా మినహాయించమని సంతకానికి ముందే కోరండి. తేడా ఉంటే వారంలోపు అభ్యంతరం రాయండి.

11. ఫైనల్ బిల్లు, నో-క్లెయిమ్ పత్రం

డబ్బు విడుదల కావాలంటే, ఇక అడిగేదేమీ లేదని రాసిచ్చే నో-క్లెయిమ్ పత్రంపై సంతకం పెట్టమంటారు. బలవంతంగా తీసుకున్న నో-క్లెయిమ్ వివాదాన్ని కోర్టు బయట మధ్యవర్తి తేల్చే ఆర్బిట్రేషన్‌కు తీసుకెళ్లకుండా అడ్డుకోలేదని సుప్రీంకోర్టు 2008లో బోఘరా పాలీఫ్యాబ్ కేసులో చెప్పింది. కానీ బలవంతం జరిగిందని మీరు చూపాలి. సంతకానికి ముందు మిగిలిన పద్దుల జాబితాతో ఉత్తరం, సంతకం తరువాత వెంటనే అభ్యంతరం, ఈ రెండూ ఉంటేనే ఆ వాదన నిలుస్తుంది. ఏడాది తరువాత గుర్తొచ్చిన బలవంతాన్ని ఎవరూ నమ్మరు.

నిరాకరిస్తే

వివాదాల క్లాజులో చెప్పిన మెట్లన్నీ వరుసగా ఎక్కాలి. ఈఈ, ఎస్‌ఈ, చీఫ్ ఇంజినీర్ (సీఈ), ఆపై కమిటీ ఉంటే అది కూడా. ఒక మెట్టు దాటేస్తే ఆ కారణంతోనే వెనక్కి పంపుతారు. ప్రతి మెట్టుకూ విడి గడువు ఉంటుంది, నిరాకరణ అందిన రోజునే ఆ తేదీని క్యాలెండరులో రాసుకోండి. ఆ తరువాత ఆర్బిట్రేషనా, సివిల్ కోర్టా అన్నది అగ్రిమెంటును బట్టి ఉంటుంది. కేంద్ర ఆర్థిక శాఖ 2024 జూన్ మార్గదర్శకాల ప్రకారం కొత్త ఒప్పందాల్లో ఆర్బిట్రేషన్ సాధారణంగా 10 కోట్ల రూపాయల లోపు వివాదాలకే పరిమితం.

లిమిటేషన్ చట్టం, 1963 కింద ఇలాంటి బకాయిలకు సాధారణంగా మూడేళ్ల కాలపరిమితి. మీరు గుర్తుచేస్తూ ఉత్తరాలు రాసినంత మాత్రాన ఆ మూడేళ్లు ఆగవు. రెండో ఏడాది ముగిసేలోపు జవాబు తేలకపోతే పూర్తి ఫైలుతో నిర్మాణ వివాదాలు చూసే న్యాయవాదిని కలవండి.